వానొస్తే హీరో ఏం చేస్తాడు?

నెల్లూరు నుంచి ఒక కాలేజీ కుర్రాడు ఈ శీర్షికకు ఉత్తరం రాశాడు. ‘‘సినిమాల్లో హీరో టాపు లేని కారులో హీరోయిన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతాడు కదా, మధ్యలో వానొస్తే ఏం చేస్తాడండీ?’’

‘డైరెక్టరు కట్ చెబుతాడు’ అని ఒక్క ముక్క రాసి తప్పుకోవచ్చు. 2024 అక్టోబరుకు ముందైతే అలాగే చేసేవాణ్ణి. కాని ఆ అక్టోబరులో అమెరికాలో మా మేనల్లుడి ఇంటి ముందు, రెండు రోజులపాటు, సరిగ్గా అలాంటి కారు టాపుతో కుస్తీ పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నేను చేసింది క్లిప్పులు అందించడమూ, కాఫీ తాగడమూ, ఫోను పట్టుకు నిలబడడమూ అనుకోండి. అయినా ఇంత దగ్గర్నుంచి చూశాక ఒక్క ముక్క జవాబు రాయాలంటే చెయ్యి రావడం లేదు.

ముందుగా నెల్లూరు తమ్ముడికి అసలు సంగతి. ఆ కార్లకి టాపు ఉంటుంది నాయనా! సీట్ల వెనక ఒక గుంత ఉంటుంది. అందులో గొడుగు ముడిచినట్టు ముడిచి పెడతారు. ఇనప కమ్మీల చట్రం, దాని మీద రెగ్జినో, దళసరి బట్టో, వెనక్కి చూడడానికి కుట్టేసిన ప్లాస్టిక్ కిటికీ. వాన చినుకు పడగానే వెనక్కి చెయ్యి చాచి పైకి లాగి, ముందు అద్దం ఫ్రేముకి రెండు కొక్కేలు తగిలిస్తే గదిలో కూర్చున్నట్టే. తెరమీద అది కనిపించదు, ఎందుకంటే కనిపిస్తే హీరోగారి క్రాపు కనిపించదు.

టాపుకి కూడా వేషం ఇచ్చిన చిత్రం ఒకటుంది. 1967లో విడుదలైన ‘ది గ్రాడ్యుయేట్’. మైక్ నికోల్స్‌కి ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ తెచ్చిపెట్టిన సినిమా. డస్టిన్ హాఫ్‌మన్ అప్పటికి ముప్ఫై ఏళ్లవాడు. కాలేజీ చదువు అప్పుడే పూర్తిచేసిన బెంజమిన్‌గా వేశాడు. చదువు పూర్తయినందుకు తల్లిదండ్రులు బహుమతిగా ఎర్రటి ఆల్ఫా రోమియో స్పైడర్ కొనిస్తారు. చిత్రమంతా ఆ కారు పరుగులే. ఆ కారు 1966లో జెనీవా మోటారు ప్రదర్శనలో మొదటిసారి జనం ముందుకొచ్చింది. రూపం తీర్చిదిద్దింది ఇటలీలోని పినిన్‌ఫారినా సంస్థ. పోటీపెట్టి మరీ ‘డుయెట్టో’ అని పేరు ఎంచుకున్నారు. తీరా చూస్తే ఆ పేరు ఒక తినుబండారం కంపెనీ అప్పటికే తనదిగా రిజిస్టరు చేయించుకుంది! కాయితాల మీద ఆ పేరు నిలవలేదుగాని, అభిమానుల నోళ్లలో మాత్రం ఇప్పటికీ అదే.

ఆ చిత్రంలో ఒక సన్నివేశం. బెంజమిన్, ఎలైన్ కారులోనే కూర్చుని తినే హోటల్లో ఉంటారు. అప్పుడప్పుడే మాటలు కలుస్తున్నాయి. పక్క కారులో కుర్రకారు పాటలు గట్టిగా పెట్టుకుని ఒకటే గోల. తగ్గించమంటే వినరు. అప్పుడు బెంజమిన్ టాపు పైకి లాగేస్తాడు, అద్దాలు ఎక్కిస్తారు. అంతే! ఇద్దరి మాటలూ మనకు వినపడవు. పెదవులు కదలడం మాత్రం కనిపిస్తుంది. మన సినిమాలో అయితే అక్కడ ఒక డ్యూయెట్ పడేది. నికోల్స్ మాత్రం ఆ పనిని టాపుకి అప్పజెప్పాడు. ఇంకో సన్నివేశంలో కుండపోత వాన. ఎలైన్ వస్తుందని చూస్తుంటే వాళ్లమ్మ మిసెస్ రాబిన్సన్ పరుగున వచ్చి కారెక్కుతుంది. ఆ తర్వాత ఆ నాలుగడుగుల చోటులో ఏం జరుగుతుందో చూడనివాళ్ల కోసం చెప్పను.

సరే, ఇక మా మేనల్లుడి దగ్గరికొద్దాం.

మా అక్కయ్య కొడుకు. ఫ్రీమాంట్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంజనీరింగు చదివే రోజుల్లో ఆ సినిమా క్యాసెట్టు చూపించిన పాపం నాదే. అది వాడి బుర్రలో పాతికేళ్లు కూర్చుని, ఒకరోజు లేచి నిలబడింది. ఆల్ఫా రోమియో వాళ్లు ఆ సినిమా పేరు పుణ్యమా అని 1985 నుంచి కొన్నేళ్లపాటు అమెరికాలో ‘గ్రాడ్యుయేట్’ అనే పేరుతోనే ఒక స్పైడర్ అమ్మారు. స్పైడర్లలో చవకరకం అది. అద్దాలు చేత్తో తిప్పుకోవాలి, సీట్లకు రెగ్జిను, టాపుకీ రెగ్జినే. సినిమాలోని కారుకి గుండ్రటి తోక ఉంటుంది, దీనికి కత్తిరించినట్టుంటుంది. మావాడు కొన్నది అదే. వాడి వయసులో నేను ఫియట్ కొందామనుకుని స్కూటరు కొన్నాను, కాబట్టి వాణ్ణి ఏమీ అనలేకపోయాను.

ఇంజను మంచిదే. కాని టాపు చూస్తే ఏడుపొచ్చింది. ఎండకి రెగ్జిను కుంచించుకుపోయి కొక్కేలు తగిలించాలంటే ఇద్దరు మనుషులు వేలాడాలి. వెనక ప్లాస్టిక్ కిటికీ ఆముదంలా పచ్చబడింది. ముడిచిన చోటల్లా పగుళ్లు. కుట్లు ఊడినచోట అంతకుముందు యజమాని వెండిరంగు టేపు అంటించాడు, అది కూడా ఊడుతోంది. ఆ ప్రాంతంలో వేసవంతా చుక్క వాన ఉండదు, నవంబరు నుంచి మొదలు. గ్యారేజీలో పెడదామంటే అట్టపెట్టెలు, ఎవరూ తొక్కని వ్యాయామం సైకిలు. ‘‘బాబాయిగారూ, వానల్లోగా టాపైనా వేయించమనండి, లేదా కారైనా అమ్మెయ్యమనండి’’ అని కోడలు నా ముందే తీర్పు చెప్పేసింది. టాపులు వేసే షాపువాడు రెండు నెలలు ఆగమన్నాడు. అందుకని మావాడు కుట్టి సిద్ధంగా ఉన్న టాపు తెప్పించి, ‘‘నేనే వేసేస్తా మామయ్యా, వీడియోలున్నాయి’’ అన్నాడు.

ఇక్కడ మీకు మా బావగారిని పరిచయం చెయ్యాలి.

వాడి నాన్న విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు కుషన్ వర్క్స్ నడిపాడు. టాక్సీ సీట్లు, లారీ కేబిన్లు, అన్నిటికంటే ఎక్కువగా జీపు టాపులు. కృష్ణా జిల్లాలో కొన్ని వందల జీపులు ఆయన కుట్టిన టాపు కింద తిరిగాయి. ఒకసారి గన్నవరం వైపు షూటింగుకొచ్చిన ఒక సినిమా కంపెనీ జీపుకి రాత్రికి రాత్రే టాపు కావాలన్నారు. తెల్లవార్లూ కూర్చుని కుట్టిచ్చాడు. డబ్బులు కూడా సరిగ్గా అడగలేదు, సినిమాలో పడుతుంది కదా అని. చిత్రం విడుదలయ్యాక అక్కయ్యనీ నన్నూ వెంటబెట్టుకుని మొదటి ఆటకి తీసుకెళ్లాడు. జీపు వచ్చింది. టాపు లేదు! ఫైటింగు సీనులో హీరో నిలబడాలని విప్పి పక్కన పడేశారట. ఆ సినిమా ఆయన మూడుసార్లు చూశాడు, ఎక్కడైనా మూలనైనా కనిపిస్తుందేమోనని.

ఆ మనిషి కొడుకుని మాత్రం షాపు గుమ్మం తొక్కనివ్వలేదు. దబ్బనం ముట్టుకుంటే చేతి మీద ఒకటి వేసేవాడు. ‘‘నీ చేతిలో ఉండాల్సింది పెన్ను’’ అనేవాడు. అన్నట్టుగానే చదివించాడు, చివరి రెండేళ్ల ఫీజుల కోసం షాపులో సగభాగం అమ్మేశాడు కూడా. కాలేజీ దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్నచోట వీడు ‘బిజినెస్’ అని రాశాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టింది బావగారే. చదివాడు, సంతకం పెట్టాడు, ఒక్క మాట అనలేదు. ఇది నాకు అక్కయ్య చెప్పింది. తండ్రికి గుర్తుందని వాడికి తెలుసో లేదో, నాకు తెలియదు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా మాటలంటే ఆదివారం ఫోను: ‘‘తిన్నావా?’’, ‘‘తిన్నా నాన్నా’’, ‘‘మీ అమ్మకిస్తా.’’

శుక్రవారం రాత్రి వాడు నిద్రపోయాక నేనే విజయవాడకి ఫోన్ కొట్టాను.

‘‘రెడీమేడ్ టాపా?’’ అన్నాడు బావగారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘‘పాతది పారేశాడా?’’

‘‘ఇంకా విప్పలేదు.’’

‘‘పారెయ్యొద్దని చెప్పు. కొత్తది పూర్తిగా కూర్చునేదాకా పాతదాన్నే పక్కన పెట్టుకుని చూసుకోవాలి. ఎక్కడ మడత, ఎక్కడ చిల్లు, అన్నీ అదే చెబుతుంది. ఇంకోటి, విప్పేటప్పుడు ప్రతిదీ ఫొటో తియ్యమను. మా రోజుల్లో సుద్దముక్కతో బొమ్మేసుకునేవాళ్లం.’’ మళ్లీ కాసేపు ఆగి, ‘‘నేను చెప్పానని చెప్పకు’’ అన్నాడు.

నేను చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటానండీ!

శనివారం ఉదయం తొమ్మిదికి పని మొదలైంది. విజయవాడలో రాత్రి తొమ్మిదిన్నర. ఫోను ఒక స్టూలు మీద నిలబెట్టాం. తెరమీద బావగారు బనియనుతో, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని, సెన్సారు బోర్డు మెంబరులా కూర్చున్నాడు.

పాతది విప్పడమే సగం పూట పట్టింది. వెనక అంచు సీట్ల వెనక ఒక ఇనప పట్టీ కింద బిగించి ఉంటుంది. బోల్టులు తుప్పు. ముందు అంచు చట్రం తాలూకు ముందు కమ్మీకి బంకతో అంటించి, పైన రబ్బరు బీడింగ్ కూర్చోబెట్టి ఉంటుంది. కిటికీల పైన అంచుల్లో, రెగ్జిను మడతలో, రెండు వైపులా ఒక్కో ఉక్కు తీగ ఉంటుంది. కారు జోరుగా పోయేటప్పుడు ఆ అంచు గాలికి రెపరెపలాడకుండా పట్టి ఉంచేది అదే. దాన్ని జాగ్రత్తగా లాగి దాచాలి, ఎందుకంటే కొత్త టాపులో అదే దూర్చాలి. టాపు తీశాక గుంతలో ఎండుటాకులు గుప్పెళ్లకొద్దీ. నీళ్లు కిందికి పోయే రబ్బరు గొట్టాలు రెండూ మూసుకుపోయాయి. ‘‘అదీ! టాపు కారిందని తిట్టుకుంటారు, కారేది సగం ఇక్కడ’’ అన్నాడు బావగారు.

కొత్త టాపు తీసి పరుద్దామని మావాడు తొందరపడ్డాడు.

‘‘ఆగరా అబ్బాయ్. ఉత్త చట్రాన్ని నాలుగుసార్లు లేపి దించు. నాకు కనిపించేట్టు.’’

లేపాడు, దించాడు. మూడోసారికి బావగారు చెయ్యెత్తాడు. ‘‘ఎడంపక్క మోకాలు దగ్గర ఆట ఉంది. చూడు.’’ చట్రం మడతపడే కీలుని ఆయన మోకాలంటాడు. వెళ్లి చూస్తే నిజమే, రివెట్టు వదులై ఉంది. ఎనిమిదివేల మైళ్ల అవతల నుంచి, అరచేతి మందం తెర మీద, డెబ్భై ఆరేళ్ల కళ్లతో! దాన్ని సరిచెయ్యకుండా టాపు వేసి ఉంటే ఒక పక్క లాగి ఒక పక్క వదిలేసేది. మావాడు తల తిప్పి నాకేసి చూశాడు. నేను కాఫీ కప్పులోకి చూశాను.

కొత్త టాపుని ముందు ఎండలో పరిచి ఉంచమన్నాడు. పెట్టెలో మడతపెట్టి వచ్చిన రెగ్జిను చలిలో మొండికేస్తుంది, వేడికి మెత్తబడుతుంది, మడతలు పోతాయి. బట్ట టాపులు కూడా ఉన్నాయి, పైన యాక్రిలిక్ నేత, మధ్యలో రబ్బరు పొర, కింద ఇంకో నేత. ఖరీదెక్కువ, చూపుకి దర్జాగా ఉంటుంది. మావాడు కారుతో వచ్చిన రకమే కావాలని రెగ్జిను తెప్పించాడు. సరిగ్గా మధ్యగా ముందూ వెనకా సుద్దతో గీత, చట్రం మీద కూడా మధ్యలో గీత. రెండు గీతలూ కలవాలి. కలిశాక వెనక అంచు పట్టీ కింద బిగించడం, మధ్య నుంచి రెండు పక్కలకీ ఒక్కో బోల్టూ. ఉక్కు తీగ దూర్చడం మాత్రం నాకు తెలిసిన విద్యే, పైజామాకి బొందు ఎక్కించినట్టు. అందులో నా పాత్ర ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అక్కడ అర్ధరాత్రి ఒకటిన్నర. బావగారు తెరలో తూలుతున్నాడు. ‘‘నువ్వు పడుకో నాన్నా, మిగిలింది ముందు అంచే కదా, నేను చూసుకుంటా’’ అన్నాడు మావాడు. ‘‘ముందు అంచే రా పనంతా’’ అని ఆయన అంటూండగానే అక్కయ్య వచ్చి ఫోను కట్టేసింది.

మేం భోంచేసి, ఓ కునుకు తీసి లేచేసరికి ఎండ తగ్గింది. అదే పొరపాటు. రెండో పొరపాటు, మావాడికి టాపంటే డోలులా బిగుసుకుని ఉండాలనే అభిప్రాయం. కొక్కేలు విప్పి, చట్రాన్ని కాస్త పైకి లేపి, రెగ్జినుని శక్తికొద్దీ ముందుకు లాగి కమ్మీకి బంక పెట్టి అంటించేశాడు. చూడ్డానికి ఒక్క ముడత లేదు, బ్రహ్మాండం. ఆ ఉత్సాహంలో కమ్మీ కింద మిగిలిన అంచుని కత్తెరతో కత్తిరించేశాడు కూడా. ఇద్దరం ఫొటోలు దిగాం.

ఆదివారం పొద్దున్న కొక్కేలు తగిలిద్దామంటే తగలవు. అద్దం ఫ్రేముకీ కమ్మీకీ మధ్య రెండు వేళ్ల సందు. నేను వేలాడాను, వాడు వేలాడాడు, కోడలు కూడా వచ్చి వేలాడింది. టాపు మూలిగిందిగాని దిగలేదు. ఇంకా గట్టిగా లాగితే కుట్లు పోతాయి. అంచు కత్తిరించేశాం కాబట్టి వెనక్కి వదలడానికి బట్ట లేదేమోనని భయం. మావాడు ఇంటి ముందు మెట్ల మీద కూర్చుండిపోయాడు. ‘‘ఆయనకి చెప్పొద్దు మామయ్యా’’ అన్నాడు. వాడి గొంతులో వినిపించింది కారు పోయిందన్న బాధ కాదు.

నేను ఫోను వాడి చేతిలోనే పెట్టాను. నంబరు కలిపి.

మొత్తం చెప్పాడు, దాచకుండా. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ‘‘కత్తిరించాక ఎంత మిగిలింది, కమ్మీ కింద?’’

మావాడు వెళ్లి టేపు పెట్టి కొలిచాడు. ‘‘ముప్పావు అంగుళం, నాన్నా.’’

‘‘అంటే ఆరు నూళ్లు. వదలాల్సింది మూడు. ఇంకా మూడు నూళ్లు పట్టుకోవడానికి ఉంది. చాలు. నేను అంతకంటే తక్కువలో పెట్టాను ఒకసారి.’’

నూలంటే తెలియని తమ్ముళ్లకి: అంగుళంలో ఎనిమిదో వంతు. మన వడ్రంగులూ మేస్త్రీలూ వాడే లెక్క.

తర్వాత నాలుగు గంటలు నేను సినిమాల్లో కూడా చూడని ఉత్కంఠ. బంక అంటించినచోట కోడలి జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడి తగిలించి, పీకకుండా, వేలితో చుట్టినట్టు వెనక్కి మడుచుకుంటూ ఊడదీయాలి. అంగుళం అంగుళం. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆగాం. అప్పుడు ఉత్త చట్రానికి, బంక లేకుండా, కొక్కేలు తగిలించమన్నాడు. అవును, ముందు తగిలించాలి, తర్వాత లాగాలి. తగిలించిన చట్రం మీద రెగ్జినుని రెండు చేతుల్తో, మొరటుగా కాకుండా, ముందుకు సాగదీసి, కమ్మీ అంచు ఎక్కడుందో అక్కడ ఈ మూల నుంచి ఆ మూలకి సుద్దతో గీత. కొక్కేలు విప్పితే చట్రం కొంచెం వెనక్కి జారుతుంది, రెగ్జిను వదులవుతుంది. అప్పుడు ఆ గీతని కమ్మీ అంచు కంటే ఒక్క నూలు ముందుకి తెచ్చి క్లిప్పులు పెట్టాలి. ఆ ఒక్క నూలే బిగువంతా. ముందురోజు మావాడు లాగింది నాలుగు నూళ్లు.

‘‘క్లిప్పుల మీదే ఒకసారి మూసి చూడు. మూసుకుందా? ఇప్పుడు ఒకసారి విప్పు. మళ్లీ మూయి. అరగంట అలా ఎండలో వదిలెయ్.’’

అరగంటయ్యాక బంక. రెండు వైపులా పల్చగా రాసి, వేలితో ముడితే అంటుకోనంత ఆరాకే అతికించాలి. తడిగా ఉండగా అతికిస్తే జారుతుంది, ఆరిపోయాక అతికిస్తే పట్టదు. ‘‘ఇప్పుడా నాన్నా?’’ ‘‘ఇంకా.’’ ‘‘ఇప్పుడు?’’ ‘‘ఇంకా.’’ బావగారు బంక వాసన కూడా ఫోనులో చూస్తున్నాడా అనిపించింది. ‘‘ఇప్పుడు పెట్టు. మధ్య నుంచి.’’

ఎదురింటి ముసలాయన, పాత కార్ల పిచ్చి ఉన్నవాడు, పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాడు. అప్పుడు దగ్గరికొచ్చి, ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని మావాణ్ణి ఇంగ్లీషులో అడిగాడు.

మావాడి రెండు చేతులూ కమ్మీ మీద ఉన్నాయి. తలెత్తకుండానే, స్టూలు మీద ఫోనుని గడ్డంతో చూపించాడు. ‘‘మా నాన్న. నలభై ఏళ్లు కార్లకీ జీపులకీ టాపులు కుట్టాడు. నేను ఇప్పుడే నేర్చుకుంటున్నా.’’

బావగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ మాత్రం వస్తుంది. ఫోనులో కాసేపు చప్పుడు లేదు. నెట్‌వర్కు పోయిందనుకుని నేను దగ్గరికెళ్లి చూశాను. పోలేదు. కళ్లజోడు తీసి బనియనుతో తుడుచుకుంటున్నాడు.

‘‘ఆ క్లిప్పులు తియ్యొద్దురా’’ అన్నాడు తర్వాత. ‘‘రేప్పొద్దున్నదాకా అలాగే ఉంచు.’’

మర్నాడు బీడింగ్ కూర్చోబెట్టారు. కొక్కేలు రెండూ ఒక్క చేత్తో పడ్డాయి, క్లిక్, క్లిక్. బిగువుగానే ఉంది, డోలులా కాదుగాని మంచం నవారులా. కోడలు చేత్తో తట్టి చూసి, ‘‘పర్లేదే’’ అంది. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద అవార్డు లేదట.

ఒక ముచ్చట కూడా తీర్చుకున్నాను. బెంజమిన్ బర్క్‌లీకి వెళుతూ వంతెన దాటే షాట్ ఉంటుంది కదా, ఆ బే బ్రిడ్జి మీద తిప్పమన్నాను. సినిమాలో కారు పై అంతస్తు మీద వెళుతుంది. నిజానికి బర్క్‌లీ వెళ్లేవాళ్లకి అప్పట్లో దారి కింది అంతస్తు. పైన వెళ్లేది శాన్‌ఫ్రాన్సిస్కో వైపు. అంటే మన హీరో ప్రేయసి కోసం ఆదరాబాదరాగా వ్యతిరేక దిశలో పోతున్నాడన్నమాట! కింద వెళితే ఆ ఎర్ర కారు ఆకాశం నుంచి కనపడేదెలా? మన డైరెక్టర్లు రాజమండ్రి బస్సుని విశాఖ బీచిలో తిప్పితే ఇకమీదట వెక్కిరించకండి.

బావగారికి ‘ది గ్రాడ్యుయేట్’ చూపించమని అక్కయ్యకి చెప్పి వచ్చాను. మొత్తం చూడలేదు. ‘‘వాళ్లమ్మతో ఆ వేషాలేమిటి’’ అని కట్టేయించాడట. కాని టాపు లేపే సన్నివేశం మాత్రం రెండుసార్లు వేయించుకుని చూశాడు. నాకు ఫోన్ చేసి, ‘‘ఏమోయ్, నీకు సినిమావాళ్ల సంగతులు తెలుసుగా. ఆ కారు టాపు కుట్టినవాడి పేరు టైటిల్సులో వేశారా?’’ అని అడిగాడు.

వెయ్యలేదు బావా అన్నాను.

నవంబరు మూడో వారంలో ఫ్రీమాంట్‌లో మొదటి పెద్ద వాన పడింది. నెల్లూరు తమ్ముడూ, హీరో ఏం చేశాడో విను. కారు లోపల కూర్చుని విజయవాడకి వీడియో ఫోన్ చేశాడు. నన్నూ కలిపారు. వాన టాపు మీద దడదడలాడుతోంది, వీడి మాట సగం వినిపించడం లేదు. కెమెరా మూలమూలా తిప్పాడు. సీట్లు పొడి, కిటికీ పొడి, కింద చాప పొడి. కుడి ముందు మూలన, అద్దం ఫ్రేముకీ బీడింగుకీ కలిసేచోట, ఒక బొట్టు వేలాడుతోంది. పెద్దదై, జారి, వాడి మోకాలి మీద పడింది.

‘‘నాన్నా, చూశావా?’’

‘‘చూశా. వాన తగ్గాక ఆ మూల బీడింగ్ ఒక నూలు బయటికి లాగు. తిన్నావా?’’

‘‘లేదు నాన్నా. ఇంకా కాసేపు ఇక్కడే కూర్చుంటా. నువ్వు పెట్టెయ్యకు.’’